గేటు దగ్గర కొబ్బరినూనె

కోరుట్ల పోస్టాఫీసులో వేలిముద్రల యంత్రం ఇప్పటిదాకా తాగిన కొబ్బరినూనెతో ఒక వాడకట్టు ఆడపిల్లలందరికీ ఏడాదిపాటు జడలు వేయొచ్చు. మా అమ్మ చిన్నప్పటినుంచీ బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించీ మడిచీ వేళ్ళమీది గీతలన్నీ అరిగిపోయాయి. సిరిసిల్లలో మరమగ్గాల మీద పోగులు ముడేసే మా మేనమామ వేళ్ళదీ ఇదే సంగతి. మా వంశంలో ఎవరైనా దొంగతనం చేస్తే పట్టుకోవడం పోలీసుల తరం కాదు. పింఛన్ తీసుకోవడం మా తరమూ కాదు.

"వేలు పడ్తలేదమ్మా," అంటాడు కౌంటర్‌లో సారు.

"పడకేం జేస్తది సారూ, జర ఆగు," అని అమ్మ ఆ వేలిని పాపిట్లో రెండుసార్లు రుద్ది మళ్ళీ పెడుతుంది. పడుతుంది. వరుసలో వెనకున్న ఆడవాళ్ళు అప్పటికే తలా ఒక వేలు తలలో పెట్టుకుని సిద్ధంగా ఉంటారు. కొత్తగా చూసినవాళ్ళకు కోరుట్ల అంతా ఒకేసారి ఏదో ఆలోచనలో పడ్డట్టు కనిపిస్తుంది.

నేను జగిత్యాలలో మూడు నెలలు ముసలివాళ్ళను చూసుకునే పని నేర్చుకుని ఇజ్రాయెల్ వెళ్ళాను. నేర్చుకున్నదల్లా ఒక ప్లాస్టిక్ బొమ్మను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడం. బొమ్మ ఎదురు మాట్లాడదు. జెరూసలేంలో నాకు దొరికిన ఎనభై నాలుగేళ్ళ ముసలమ్మ మాట్లాడేది. ఆమెను 'అవ్వా' అని పిలిచేదాన్ని. అంటే ఏమిటని అడిగితే 'మేడం' అని చెప్పాను.

అవ్వకు ఒక అలవాటు ఉంది. వారానికి రెండు రోజులు తెల్లవారకముందే లేచి, నాచేత చక్రాల కుర్చీ తోయించుకుని సైన్యం చెక్‌పోస్టుకు వెళ్ళేది. బెత్లెహేం వైపు ఉండే పాలస్తీనావాళ్ళు పనికి రావాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా పర్మిట్ చేతపట్టుకుని ఆ గేటు దాటాలి. అవ్వా, ఆమెలాంటి మరో నలుగురు ముసలమ్మలూ అక్కడ కాపు కాసి ఎన్ని గేట్లు తెరిచారు, ఎవరిని వెనక్కి పంపారు, ఎందుకు పంపారు అని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. పర్మిట్ ఆగిపోయినవాళ్ళ కాగితాలు నింపి అధికారులకు ఫోన్లు చేసేవారు. ఎవరూ జీతమివ్వరు. టీ కూడా ఇంటినుంచే. రోడ్డు మీద పోయే సొంత దేశస్థులే కారు అద్దం దించి తిట్టేవారు. నాకు భాష సగమే వచ్చు కాబట్టి సగం తిట్లే తగిలేవి.

మొదటిసారి చూసినప్పుడు వేములవాడ క్యూలైన్ అనుకున్నాను. అవే ఇనుప కటకటాలు, అదే తోపులాట. అక్కడైతే చివర దేవుడుంటాడు. ఇక్కడ అద్దం వెనక పందొమ్మిదేళ్ళ సైనికుడు.

ఫోన్‌లో అమ్మకు చెప్పాను.

"పైసల్లేని పనికి గంత పొద్దుగాల లేస్తరా ఆ ముసలోల్లు?"

"లేస్తరే."

"ఇంట్ల కోడండ్లతోని పడ్తలేదేమో."

ఇదంతా యుద్ధానికి ముందు సంగతి. ఒకరోజు గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. ఆమె మాకు ముందే తెలుసు, పర్మిట్ కాగితాలు నింపింది అవ్వే. ఆమె అయిదేళ్ళ కూతురు గుండెలో రంధ్రంతో జెరూసలేం ఆసుపత్రిలో ఉంది, పక్కన అమ్మమ్మ ఉంది. చంటివాడికి జ్వరమని ఈమె ఒక్కరోజు ఇంటికి వెళ్ళి తిరిగొస్తోంది. మర్నాడు పొద్దున పిల్లకు ఆపరేషన్. పర్మిట్ ఉంది, కార్డు ఉంది, వేలే పడలేదు. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. బ్లీచింగ్ నీళ్ళు వేళ్ళను గాజులా చేసేశాయి. రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ ఎర్ర లైటు. మళ్ళీ ప్రయత్నించమని పక్కకు జరిపారు. ఆమె వచ్చి కటకటాల దగ్గర నిలబడింది. ఇవతల నేనూ, కుర్చీలో అవ్వా.

నాకు అరబీ రాదు. కోరుట్ల ఉర్దూతో "దవాఖానా?" అన్నాను. "దవా, దవా," అని తలూపింది. ఆ వేళ్ళు చూశాను. మా అమ్మ వేళ్ళే. ఇంకేమీ ఆలోచించలేదు. తల వంచి, కటకటాల్లోంచి ఆమె చెయ్యి లాగి, ఆ వేలిని నా పాపిట్లో రెండుసార్లు రుద్దాను. ఆమె జడుసుకుంది కానీ వెళ్ళి పెట్టింది.

పచ్చ లైటు.

సుమారు నాలుగు సెకన్లపాటు కోరుట్ల పేరు అంతర్జాతీయ స్థాయిలో నిలబెట్టిన మనిషిని నేను.

అయిదో సెకనులో సైనికుడు వేలిముద్రల యంత్రం మీద మెరుస్తున్న మరక చూశాడు. కెమెరాలోనూ చూసుకున్నాడు: ఒక విదేశీ మనిషి, కటకటాల్లోంచి, ఈమె వేలికి ఏదో పూసింది. గేటు మూసేశారు. వెనక వరుసంతా ఆగిపోయింది, మగవాళ్ళు అరుస్తున్నారు. ఆమె పర్మిట్ తీసుకుని ఆమెను వెనక్కి పంపేశారు. వెళ్తూ ఆమె సైనికుడివైపు చూడలేదు. నావైపు చూసింది.

అవ్వ నోట్‌బుక్ తీసి టైం వేసి రాసుకుంది. తర్వాత నాకు చదివి వినిపించింది: "గేటు మూసేశారు. కారణం: మేము."

మధ్యాహ్నానికి తెలిసింది, కంప్యూటర్‌లో ఆ తల్లి పేరు పక్కన నిషేధం పడింది. వేలిముద్రను మార్చడానికి ప్రయత్నించిందట. అవ్వ సాయంత్రం దాకా ఫోన్లు చేసింది. అటువైపు వాళ్ళు ఆమెను వెయిటింగ్‌లో పెట్టి పాటలు వినిపించారు. చివరికి అవ్వ ఒక కాగితం నా ముందు పెట్టింది. ఆ పని చేసింది నేనేనని, ఆ మనిషి అడగలేదని నేను రాసివ్వాలి. రాసిస్తే నా వీసాకు ఏమవుతుందో ఆమెకూ తెలియదు. తెలియదనే చెప్పింది, ఏం కాదని మాత్రం అనలేదు.

అమ్మకు ఫోన్ చేశాను.

"సంతకం పెట్టకు బిడ్డా. పరాయి దేశం. నిన్ను ఎల్లగొడ్తే ఏం జేస్తవ్?"

"అచ్చి బీడీలు జేస్త."

"నీ మొఖం. నువ్వు జేసిన బీడీ కంపెనోడు లెక్కకు గూడ పట్టడు."

ఫోన్‌లో వెనక బీడీ చాటలో కత్తెర చప్పుడు ఆగింది.

"ఆ పోరి తల్లిని అడుగుతున్నదా?"

"అడుగుతున్నదట."

"నూనె రుద్దుడు నేర్పింది నేనే గదనే," అంది అమ్మ. "పెట్టు సంతకం. మా అమ్మ నేర్పిందని గూడ రాయి. కోరుట్లల అందరం గిట్లనే జేస్తమని రాయి."

రాశాను. నూనె నాది, తల నాది, తెలివీ నాదే అని. అవ్వ దాన్ని వాళ్ళ భాషలో మర్యాదగా టైపు చేసింది.

కాగితం చేరిన మాట నిజమే, చదివేవాళ్ళకు తీరిక లేదు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే అయిపోయింది. నేను సూప్ డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి అమ్మమ్మ గది బయట ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. వీడియో కాల్‌లో తల్లి. ఆమెకు కనిపిస్తున్నది మూసి ఉన్న తలుపు.

వారం తర్వాత నన్ను పిలిచారు. ఒక అధికారి గంభీరంగా, "తలకు నూనె ఎందుకు?" అని అడిగాడు. "జడకి," అన్నాను. రాసుకున్నాడు. వీసా మాట ఎత్తలేదు. ఇంకో నాలుగు రోజులకు తల్లికి పర్మిట్ వచ్చింది. ఒక్కరోజుకి. పొద్దున అయిదు నుంచి రాత్రి ఏడు దాకా. అవ్వకు గెలిచిన కళ వచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం, తల్లీపిల్లా కలుసుకునే దృశ్యం చూద్దామని. నేను రుమాలు కూడా తీసుకెళ్ళాను.

తల్లి లోపలికి వచ్చింది. పిల్ల ఆమెను చూసి, దుప్పటి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. తల్లి మంచం పక్కన కూర్చుంది. తినిపించబోతే పిల్ల అమ్మమ్మ చేతినే పట్టుకుంది. మధ్యాహ్నమైంది. సాయంత్రమైంది. రుమాలుతో నేను కిటికీ తుడిచాను.

ఏడింటిలోపు గేటు దాటాలి కాబట్టి అయిదున్నరకు తల్లి లేచింది. అప్పుడు పిల్ల, గోడవైపే చూస్తూ, ఏదో అంది. తల్లి జవాబిచ్చింది. కారిడార్‌లో, అరబీ తెలిసిన అవ్వను అడిగాను.

"రేపు వస్తావా అంది," చెప్పింది అవ్వ. "వస్తానంది."

అవ్వ ఒళ్ళో నోట్‌బుక్ ఉంది. ఆమె దాన్ని తెరవలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ ఎత్తగానే అడిగింది, "తల్లిని జూసి ఏం జేసిందే ఆ పోరి?"

"ఉరికచ్చి మెడకు సుట్టుకున్నదే," అన్నాను.

నేను కోరుట్ల తిరిగొచ్చి చాలా రోజులైంది. అమ్మ ఇప్పటికీ వాడకట్టు ఆడవాళ్ళకు చాటల ముందు కూర్చుని ఈ కథ చెబుతుంది. మెడకు చుట్టుకోవడంతో ఆపదు. తెల్లారి కూడా తల్లి వచ్చిందని, ఆ తెల్లారి కూడా వచ్చిందని చెబుతుంది. వాళ్ళు నిజమేనా అన్నట్టు నావైపు చూస్తారు. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నేను, అక్కడ ఏమీ అనను.