మగ్గం ఇంట్లో నియాన్ చేపలు

మా ఇల్లు ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద నా మొగుడు. వెనక గదిలో నా కుట్టు మిషను. మధ్య వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టే మా అత్త. ఇన్ని చప్పుళ్ళున్న ఇంట్లో గాజుతొట్టి పెట్టి నియాన్ టెట్రాలు పెంచుతున్నాను నేను. మా వీధిలో ఇంకెవరింట్లోనూ లేవు. ఈ మాట కొంచెం ఎక్కువసార్లే చెబుతుంటానని అత్త సణుగుతుంది. చెప్పుకోక దాచుకోవాలా?

నియాన్ టెట్రా అంటే చూపుడువేలులో సగం కూడా ఉండని చేప. కంటి నుంచి వెనక్కి మెరిసే నీలం గీత, దాని కింద తోక వైపు ఎరుపు. ఒక్కటే ఉంటే కంటికి ఆనదు. పది కలిసి ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు చూడాలి. బ్లౌజుల లైనింగు గుడ్డకని ఆదోని పోయినప్పుడు, బజారులో చేపల అంగడి ముందు నిలబడి వాటిని చూస్తూ బస్సు పోగొట్టుకున్నాను. ఇంటికొచ్చాక తిట్లు తిన్నాను. అయినా మనసు అక్కడే ఉంది.

మొదట పాత తొట్టి ఒకటి కొని, గప్పీలు, అడుగున ఇసుకలో తడుముకుంటూ తిరిగే మీసాల చేపలు వేసి ఆరునెలలు నడిపించాను. అవి బాగా కుదురుకున్నాక తెలిసినవాళ్ళకిచ్చేసి, నూలు తేవడానికి పోతున్న మా ఆయన వెంటపడి మళ్ళీ ఆదోని పోయాను.

అంగడాయన మంచి మనిషి. మా నీళ్ళ సంగతి ఆయనకు తెలుసు. మా బోరు నీళ్ళు గిన్నెల మీద తెల్ల చారలు కడతాయి. సగం బోరు నీళ్ళు, సగం క్యాను నీళ్ళు కలపమన్నాడు. కడిగిన ఎండు బాదం ఆకు ఒకటి వెయ్యమన్నాడు. తీసుకుంటే పది తీసుకో, రెండు మూడైతే బెదిరి చస్తాయన్నాడు. అంతా చెప్పి, తొట్టి ఎక్కడ పెడతావని అడిగాడు. ముందు గదిలో, మగ్గం పక్కన అన్నాను. కవరులోకి వంచుతున్న వల అక్కడే ఆగిపోయింది.

“మగ్గమున్న ఇంట్లో ఇవి బతకవక్కా. ఆ దెబ్బలకే గుండె పగిలి సచ్చిపోతాయి.”

గోల్డ్ ఫిష్ తీసుకో, దానిది గట్టి ప్రాణం అని పక్క తొట్టి చూపించాడు. నేను నోరు తెరవబోయేలోపల మా ఆయన ముందుకొచ్చాడు. అంగట్లో బేరమాడమన్నా మాట్లాడని మనిషి. మగ్గం పని మానుకొమ్మని బంధువులు, కరెంటు మగ్గాలోళ్ళు, బ్యాంకులో గుమాస్తా, అందరూ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. అన్నీ విని ఊరుకునేవాడు. ఆరోజు మాత్రం మెడ నరాలు పొంగాయి.

“మా నాయన, మా తాత ఆ సప్పుట్లోనే పెరిగినారు. నేనూ ఆడనే పెరిగినా. ఎవరి గుండె పగిలింది? పదీ ఇయ్యి.”

అంగడాయన నొచ్చుకోలేదు. కవరులో నీళ్ళు, గాలి నింపి ఇస్తూ, వారానికోసారి మీ ఊరికి తొట్లు దింపడానికి వస్తుంటాను, ఎండాకాలం దాటినాక మీ ఇంటికొచ్చి చూస్తాను అన్నాడు. ఎన్ని మిగిలి ఉంటాయో నాకు తెలుసులే అన్నట్టుంది ఆయన ముఖం. బస్సులో కవరు ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటులో పెద్దామె తొంగిచూసి, ఇంతింత చేపలు కూరకేం సరిపోతాయమ్మా అని జాలిపడింది. మా ఆయన దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

ముందు గదిలోనే ఎందుకు పెట్టాలంటే, ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. గాలి పొడిగా ఉంటే పోగులు తెగుతాయని మగ్గం గుంట చుట్టూ మట్టినేల మీద రోజూ నీళ్ళు చల్లుతాం. మా ఊరి ఎండకు వెనక గదిలో పెడితే చేపలు ఉడికిపోతాయి. చల్లదనం కావాలంటే చప్పుడు భరించాలి. వేరే దారి లేదు.

చేపలు భరించలేదు. పోగు తీసుకుని నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయినప్పుడల్లా ఒక దెబ్బ. దెబ్బదెబ్బకూ తొట్టి నీళ్ళు వణికేవి. పదీ ఒకే ముద్దగా మూలకు చేరి, రంగు వెలిసిపోయి, మేత వేసినా కదిలేవి కావు. వారం తిరిగేలోపల రెండు పోయాయి. రెండోదాన్ని తీసి పెరట్లో పూడ్చి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. మా ఆయన గుంట గట్టున కాళ్ళు వేలాడేసుకుని తొట్టి వంక చూస్తున్నాడు. అంగడాయన మాట నిజమే కదా అన్నాడు మెల్లగా. ఆ ముఖం చూసి నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది.

“సేపలు నా సరదాకు తెచ్చుకున్నా. మగ్గం మన కూడు. లేసి పని సూసుకోప్పా. వాటి సంగతి నాకిడిసిపెట్టు.”

అన్నానే కానీ ఏం చెయ్యాలో నాకూ తెలియదు. ముందు ఆ వణుకు ఆపాలి. అత్త కుట్టిన పాత బొంత నాలుగు మడతలు వేసి బల్ల కాళ్ళ కింద పెట్టాను, తొట్టి కింద థర్మోకోల్ అట్ట వేశాను. బల్లను గోడకు ఆనకుండా జరిపాను. నీళ్ళు నిలకడకొచ్చాయి, చప్పుడు మాత్రం ఎక్కడికి పోతుంది? అప్పుడు తట్టింది. మా వీధి కుక్కలు కూడా పాలాయన బండి హారను వింటే తోకాడిస్తాయి. చప్పుడంటే భయం అనుకుంటున్న వాటికి, చప్పుడంటే తిండి అని తెలియాలి. ఆ రోజు నుంచి మగ్గం ఆడుతున్నప్పుడే మేత. ఆగిందంటే చిటికెడు కూడా వెయ్యను. దయచూపి బొరుగులు వెయ్యబోయిన అత్త చెయ్యి కూడా పట్టుకున్నాను. అప్పటికే బాదం ఆకుతో ఎర్రబడిన నీళ్ళు చూసి, చేపలకు టీ కాచి పోసినావా అని ఎగతాళి చేస్తున్న మనిషి, ఇప్పుడు నేను వాటిని మాడ్చి చంపుతున్నానని వీధంతా చెప్పుకొచ్చింది.

మొదట ఒక చేప వచ్చింది. గుంపు వదిలి, ముందుకొచ్చి, ఒక్క పలుకు నోట కరుచుకుని వెనక్కి పరుగు తీసింది. మర్నాడు మూడు వచ్చాయి. నెల దాటేసరికి పొద్దున నాడె కదిలిందంటే చాలు, ఎనిమిదీ ముందు అద్దానికి వచ్చేసేవి. రంగు తిరిగొచ్చింది. మా ఆయన మిగులు నల్లగుడ్డ ఒకటి తెచ్చి తొట్టి వెనక కట్టాడు. నల్ల చీరకు జరీ వేసినట్టు ఆ నీలం గీతలు లేచి కనిపించాయి. ఆయనే ఎక్కువ చూసేవాడు, నేను చూడనప్పుడు.

ఎండాకాలం వచ్చింది. కరెంటు పోయిన మధ్యాహ్నాలు తడి గోనెపట్ట తొట్టికి చుట్టి, ఐసు బాటిలు నీళ్ళలో తేలేసి, అట్టముక్కతో విసిరాను. నా చేతులు పడిపోయాయి కానీ ఒక్క చేప పోలేదు. ఎనిమిదికి ఎనిమిదీ నిలబడ్డాయి.

తొలకరి పడ్డాక అంగడాయన అన్న మాట ప్రకారం వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషి మర్యాదకని మా ఆయన మగ్గం ఆపి లేచాడు. అంగడాయన తొట్టి ముందు వంగాడు. ఏం చెప్పను నా గతి! అంతసేపూ తొట్టంతా తిరుగుతున్న చేపలు, చప్పుడు ఆగగానే, కొత్త మనిషి నీడ పడగానే, ముద్దగా మూలకు చేరాయి. ఆయన లెక్కపెట్టి, బతికుండడం గొప్పేనక్కా అన్నాడు. కానీ వాటి బెదురు చూడు, మగ్గం దెబ్బలకు అట్లా అయిపోయినాయి, ఎక్కువ రోజులుండవు అన్నాడు. మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు గుంటలోకి దిగప్పా, మగ్గం ఆడించు అని మా ఆయనతో అన్నాను. ఆయన నా ముఖం చూసి దిగాడు.

నాడె కదిలింది. దెబ్బ పడింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. మూలన ముద్ద విడిపోయింది. ఒక్కొక్కటే అద్దం దగ్గరకొచ్చి, ఎనిమిదీ ఎవరి దారిన అవి విచ్చలవిడిగా తిరగడం మొదలుపెట్టాయి. నేనింకా మేత డబ్బా ముట్టనే లేదు. భయమున్న చేప గుంపు కడుతుంది, భయం లేని చేప విడిగా తిరుగుతుంది. చేపలు కొన్నరోజు ఆ ముక్క నాకు చెప్పింది అంగడాయనే. ఆయన మళ్ళీ వంగి ఎనిమిదీ లెక్కపెట్టాడు. నేను ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండడం నా జన్మలో అదే మొదలు.

ఆయన లేచి మగ్గం వైపు తిరిగాడు.

“ఆపొద్దన్నా. నాదే తప్పు, మాట ఎనక్కి తీసుకుంటాండా.”

మా ఆయన తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. “నాకెందుకు సెప్తావు? దానికి సెప్పు, మగ్గానికి.”

అంగడాయన నవ్వలేదు. దగ్గరికి పోయి, అదురుతున్న మగ్గం గుంజ మీద అరచెయ్యి ఆనించి, తప్పయిందని చెప్పాడు.