ప్లాస్టిక్ గడ్డి మీద మిరపకాయలు

రెంటచింతలలో ఎండలు ముదిరితే దొడ్లో గరిక కూడా బతకదు. అలాంటి ఊళ్లో కుక్క కోసం పచ్చిక వేయించిన మనిషి మా ఆయన. అదీ ప్లాస్టిక్‌ది. ఈ మాట స్టాఫ్ రూమ్‌లో చెప్పినప్పుడు మా టీచర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనే దగ్గరుండి నవ్వించాను. ఆయన నడక, ఆయన ఫోన్ పట్టుకునే తీరు, అన్నీ చేసి చూపించాను.

నిజానికి మొదలుపెట్టింది నేనే. మా దొడ్లో సగం నాపరాళ్లు, సగం మట్టి. మా లాబ్రడార్‌కి మట్టంటే ప్రాణం. తవ్వడం, అందులో దొర్లడం, ఆ కాళ్లతోనే హాల్లోకి రావడం. తుడవలేక విసిగిపోయి, "ఈ ఇంట్లో ఇదన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అన్నాను. ఆయన దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. మాచర్లలో ఆఫీసు నుంచి రావడం, ఫోన్లో వీడియోలు చూడడం. అన్నీ ఎక్కడెక్కడివో దొడ్లు. పచ్చటి గడ్డి మీద స్నానం చేయించిన కుక్కలు పరిగెత్తుతుంటాయి.

"ఆ కుక్కలకు రెంటచింతల ఎండ ఏందో తెలుసా?" అని అడిగాను.

"ఎండ దేశాల్లో గూడా ఏసుకుంటన్నారే" అన్నాడు, అదేదో తాను వెళ్లి చూసొచ్చినట్టు.

మార్చిలో నరసరావుపేట నుంచి ఇద్దరు మనుషులు చాపలా చుట్టిన గడ్డిని ఆటోలో వేసుకొచ్చారు. మట్టి చదును చేసి, కంకరపొడి పోసి, దిమ్మిస కొట్టి, పైన పరిచారు. అతుకుల దగ్గర గమ్ము, అంచుల్లో మేకులు. "కుక్క ఒంటేలు పోసినా కిందికి దిగిపోద్ది మేడమ్, చుక్క నిలవదు" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. మా ఆయన ఏదో గుడి కడుతున్నంత గంభీరంగా తలూపాడు.

పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసింది. "ఏందమ్మాయ్, మా మేకను తోలనా?"

"తోలు పిన్నీ. మా ఆయనక్కూడా కాస్త మిగల్చమను" అన్నాను, ఆయనకు వినపడేటట్టే.

మరునాడు పదకొండింటికల్లా గడ్డి పెనంలా కాలింది. కుక్క నాలుగడుగులు వేసి, ఒక్కో కాలూ ఎత్తుకుంటూ వరండాలోకి పారిపోయింది. ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు. ఆయన గ్రీన్ నెట్ తెచ్చి పైన కట్టాడు. రోజూ సాయంత్రం బస్సు దిగి రాగానే చొక్కా విప్పి పైపుతో గడ్డిని తడిపేవాడు. "ప్లాస్టిక్‌కి నీళ్లు పెట్టే రైతు పల్నాడు మొత్తానికి మీరొక్కరే" అనేదాన్ని. బదులు పలికేవాడు కాదు. ఆ పలకకపోవడం కూడా నాకు చేతకానితనంలాగే కనిపించేది.

నెట్ కట్టాక కుక్కకు అక్కడ హాయిగానే ఉంది. తడిపిన గడ్డి మీద వెల్లకిలా పడి, వీపు రుద్దుకుంటూ కాళ్లు గాల్లో ఆడించేది. హాల్లోకి మట్టి రావడం ఆగిపోయింది. అది నేను చూశాను. చూసి కూడా ఒప్పుకోలేదు.

ఏప్రిల్లో మా అన్నయ్య తన చేలోని మిరపకాయలు బస్తాడు పంపాడు. ఏడాదికి సరిపడా కారం పట్టించే ముందు వాటికి రెండు మూడు ఎండలు చూపించాలి. ఏటా డాబా మీద పట్టా పరిచి పోసేదాన్ని. ఆ ఏడు మోకాళ్ల నొప్పులు. ఎదురుగా చదునుగా, దుమ్ము లేకుండా పచ్చటి పట్టా ఒకటి ఉంది. కుక్కను వరండాలో కట్టేసి, నెట్ పక్కకు లాగి, కాయలన్నీ గడ్డి మీద పోశాను.

"అది దాని చోటు గదే" అన్నాడాయన.

"ఇన్నాళ్లకు మీ గడ్డి ఒక పనికొచ్చింది. సంతోషించండి."

మోకాళ్ల నొప్పి నిజమే. ఆయన గడ్డిని అందరి ముందూ పట్టా చేసి చూపించాలన్న కసి అంతకంటే నిజం.

మూడో రోజు ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి కాయలు గలగలలాడుతున్నాయి. ఎత్తేసి, చీపురుతో ఊడ్చి, పైపుతో కడిగాను. పైకి శుభ్రంగానే ఉంది. విరిగిన కాయల గింజలూ పొడీ గడ్డి పోగుల మధ్యకు దిగిపోయాయని, నీళ్లు పడితే ఆ ఘాటు ఊరుతుందని, ఏటా పట్టా దులిపి మడిచేసే నాకు తట్టలేదు. కుక్కను విప్పాను. మూడు రోజుల తర్వాత దొరికిన చోటు. పరుగున వెళ్లి వెల్లకిలా పడి, ఒళ్లంతా రుద్దుకుంది. మూతి కూడా.

దాని అరుపుకు పిన్ని గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కుక్క కళ్లు మూసుకుపోయాయి. పాదాలు నాకుతోంది, నాకినకొద్దీ నాలుక మండి మళ్లీ అరుస్తోంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే కళ్లలో నీళ్లు పోస్తూనే ఉండమన్నాడు, ఒళ్లంతా సబ్బుతో కడగమన్నాడు. కడిగాను. బేసిన్లో మజ్జిగ పోసి పాదాలు ముంచాను. దాని చూపు పోతుందేమోనని ఏడ్చాను. సాయంత్రానికి కళ్లు తెరిచింది. దగ్గరికి తీసుకోబోతే నా చెయ్యి చూసి వెనక్కి జరిగింది.

ఆరింటికి ఆయన వచ్చాడు. "ఏమైందే దీనికి?"

"మీ గడ్డే. కాలింది. పాదాలు ఎట్టా ఎర్రబడ్డయ్యో చూడండి."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. నెల రోజులుగా అదే మాట అంటున్నాను కదా, నోరు అలవాటుపడింది.

ఆయన చొక్కా కూడా విప్పకుండా దొడ్లోకి వెళ్లి మేకులు పీకాడు. గమ్ము పట్టిన చోట వేళ్లు దూర్చి లాగాడు. ముక్కలు ముక్కలుగా చించి, అంతా చుట్ట చుట్టి గోడకు ఆనించాడు. "నీ కాళ్లు కాల్చింది నేనేరా" అన్నాడు కుక్కతో. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

ఆయన ముఖం మీద చెమట తుడుచుకున్నాడు. వెంటనే కన్ను గట్టిగా మూసుకున్నాడు. అరచేతులు చూసుకున్నాడు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

ఈసారి పలకనిది నేను. ఆయన వెళ్లి కుక్క పక్కన నేల మీద కూర్చుని, దాని పాదాలు ముంచిన మజ్జిగలోనే రెండు చేతులూ పెట్టుకున్నాడు.