వంతు కోసం ఆగిన సర్పంచ్ కాకా

మొన్న శుక్రవారం రూమ్ వెనక బట్టలు ఉతుక్కుంటుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ కాకా పోయిండు బిడ్డా. పొద్దుగాల కాలువ కాడికి పోయిండు. ఆడనే కూలవడ్డడు" అంది. సబ్బు చేతులతోనే బయటికొచ్చి, ఒమాన్‌లోని ఈ ఇబ్రా ఎండలో క్యాంపు గోడ వెంట అటూ ఇటూ తిరిగాను. ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఇది ఆయన రోగమే, నాకు అంటించి పోయాడు.

మాకు రక్తసంబంధమేమీ లేదు. జగిత్యాల దగ్గర మా పక్క ఊరాయన. వయసులో ఉన్నప్పుడు ఫౌజులో చేరి మంచు సరిహద్దులో కాపలా కాశాడు. తిరిగొచ్చి సర్పంచ్‌గా గెలిచాడు. రెండోసారి నిలబడి ఓడిపోయాడు. ఓడిన మొహంతో ఊళ్లో తిరగలేక ఒమాన్ వచ్చి మా కంపెనీలో ఫోర్‌మన్ అయ్యాడు. పదవి పోయినా మాకందరికీ సర్పంచ్ కాకాయే.

కొత్త సైట్ అంటే అందరికన్నా ముందు ఆయనే ఉండాలి. కరెంటు కూడా రాని రాళ్ల నేలకు నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ పక్కన కూర్చుని పోయేవాడు. మేం చేరేసరికి కేబిన్ నిలబెట్టి, గడ్డం గీసుకుని, దుప్పటి ముడత లేకుండా పరిచి, ఎవరు వండాలో ఎవరు తోమాలో ఆర్డర్లు సిద్ధం చేసి ఉంచేవాడు. ఎవరి మాటా పూర్తి కానిచ్చేవాడు కాదు. మనం నోరు తెరిచేలోపే జవాబు వచ్చేది. ఆ సైట్ కాస్త మనుషులుండే చోటులా తయారైందో లేదో, ఇంకో ఊరు బహ్లాలో కొత్త పని పడిందట, తనను పంపమని మేనేజర్ వెంటపడేవాడు.

"నిలవడ్డ నీళ్లకు నాచు వడుతది తమ్మీ" అనేవాడు.

"నాచు వట్టేదాంక నువ్వు ఏనాడన్న నిలవడ్డవా కాకా?" అంటే మురిసిపోయేవాడు.

ఆయన ఓడింది నీళ్ల వల్లే. సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఒక యాసంగిలో కాలువ నీళ్లు తగ్గాయి. వంతు ప్రకారం చివరి మళ్లకు పోవాల్సిన నీళ్లు, ఆయనకు ఓటేసినవాళ్ల పొలాలకు మళ్లాయి. ఆయన పొలం సరేసరి, తూము పక్కనే. చివరివాళ్ల వరి ఎండిపోయింది. వాళ్లు నోరెత్తలేదు, ఓట్లనాడు చెప్పాల్సింది చెప్పారు. ఈ కథ కాకా ఎన్ని రకాలుగా చెప్పినా తప్పు మాత్రం ఊళ్లో నీళ్లు వదిలే నీరటిదే అయ్యేది. ఊరు మళ్లీ తన మాట వినాలి, ఆయనకు ఉన్న యావ అదొక్కటే. దేశం కాని దేశంలో ఆయన్ని పరిగెత్తించింది అదే.

ఒకసారి ఇబ్రాలో ఖర్జూర తోటకు ప్రహరీ కడుతున్నాం. తోట పక్క నుంచి ఫలజ్ పోతుంది. కొండల కింది నుంచి వచ్చే పాత కాలువ అది, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకు నీళ్లు. తోట యజమాని పేరున్న మనిషి. ఆయన చెట్ల కింద నేల పగిలిపోయి ఉంది. తోటలోకి వచ్చే పాయకు రాయి అడ్డం పెట్టి ఉంది, నీళ్లేమో పక్కనున్న ఒక పేద ముసలాయన గడ్డి మడికి పోతున్నాయి. కాకా ఆగలేకపోయాడు.

"అర్బాబ్, ఆప్ బడా ఆద్మీ. పత్థర్ హటావో, పానీ ఆయేగా!"

యజమాని నవ్వాడు. "మేరా నంబర్ అబీ నై" అని, తన వంతు ఇంకా రాలేదని చెప్పి, కాకాకు కహ్వా కాఫీ పోసిచ్చి, తనూ కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కాకా ఎవరి మీదా అరవలేదు. దాంతో రూమ్ అంతా భయపడ్డాం. "గంత పెద్ద మనిషి ఆగుతుండురా" అన్నాడు చివరికి. ఆ తర్వాత శుక్రవారాలు ఆ ఫలజ్ వెంట ఒంటరిగా నడిచేవాడు. నీరటి మాట మళ్లీ ఎత్తలేదు.

ఈమధ్య పంచాయతీ ఎన్నికలొచ్చాయి. వాళ్ల ఊరి సీటు ఆడవాళ్లకు రిజర్వయింది. దానికి మా వైపు ఒక పద్ధతి ఉంది: పేరు భార్యది, పెత్తనం భర్తది. కాకా చిన్నమ్మతో నామినేషన్ వేయించి, ఇబ్రా నుంచి వాయిస్ మెసేజ్‌లతో ఊరిని ఊదరగొట్టాడు. ఆ మెసేజ్‌లు ఎవరు విన్నారో తెలియదు గానీ, చిన్నమ్మ ఇల్లిల్లూ తిరిగి గెలిచింది. కాకా వీసా క్యాన్సిల్ చేయించుకుని, తెల్ల లాల్చీ బట్ట కొనుక్కుని విమానమెక్కాడు.

మొదటి గ్రామసభ అయిన రోజు రూమ్‌కి ఫోన్ చేసి అరిచాడు. "నేను లేసి జవాబు జెప్పవోతే, అందరి ముంగట మీ చిన్నమ్మ 'మీరు కూసోండ్రి, అడిగింది నన్ను' అన్నది రా!"

ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ల అంగడి జరుగుతుంది. అందులోకి మగవాళ్లకు ప్రవేశం లేదు. మా రూమ్‌లోని కడప భాయ్ ఫోన్ లాక్కుని, "కాకా, మీ పంచాయతీ గూడా మన బుధవారం అంగడి మాదిరి అయిపాయ గదప్పా! మొగోళ్లు బయటే నిలబడాల" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. కాకా ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు నాకొక్కడికే చేసి, మెల్లగా, "మల్ల వీసా దొరుకుతదా తమ్మీ?" అన్నాడు. వయసు దాటిపోయింది, ఇవ్వరు కాకా అన్నాను. ఓడిన ప్రతిసారీ ఇంకో చోటికి పోయిన మనిషికి ఇప్పుడు పోయే చోటు లేదు.

ఆ తర్వాతి సంగతులు నిన్న చిన్నమ్మ చెబితేనే తెలిశాయి.

"రెండో సభల ఆఖరి వరుసల నిలవడి చెయ్యెత్తిండు బిడ్డా. నేను సూసి గూడ సూడనట్టే ఉన్న. ఆడోళ్లందరు మాట్లాడిందాంక చెయ్యి దించకుంట ఆగిండు. నా పెండ్లయిన కాడికెల్లి గాయన ఆగుడు నేను సూడలే."

వంతు వచ్చాక కాకా చెప్పింది ఒక్కటే. ఈ యాసంగి చివరి మళ్లకు ముందు నీళ్లు, తూము కాడి పొలాలకు వెనక, తన పొలానికి అందరికన్నా ఆఖర్న. చివరివాళ్లు నమ్మలేదట. నమ్మించడానికి రోజూ తెల్లారకముందే గడ్డం గీసుకుని పోయి కాలువ మీద కాపలా నిలబడ్డాడు. చివరి మళ్లు తడిశాయి. ఆ కాపలాలోనే పోయాడు.

"చివరోళ్లే వచ్చిండ్రు బిడ్డా. 'ఇయ్యాల్టి మా నీళ్లు మీ పొలానికి ఇడుసుకోండ్రి సర్పంచమ్మా' అన్నరు. ఒద్దని తల ఊపిన. ఆయనైతే ఒద్దనే అంటుండె గద?"

"ఒద్దనే అంటుండె చిన్నమ్మా" అన్నాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

పాడె ఎత్తుకున్నది చివరి మళ్లవాళ్లే. దారి కాలువ గట్టు మీదుగానే. తూము పక్కన ఇంకా వంతు రాని ఆయన వరి ఎర్రబారి తలలు వాల్చి ఉందట. దాని పక్క నుంచే నీళ్లు నిండుగా పారుతుంటే, వాటితోపాటే నడిచిన జనం ఎవరూ ఆగకుండా చివరి పొలాల వైపు సాగిపోయారట.