కంట్లో రేకు

మా ఆత్రేయపురంలో చాలా ఇళ్ళల్లాగే మా ఇంట్లోనూ పూతరేకులే పని. బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఇలా పరిచి అలా లాగితే పలచటి రేకు లేస్తుంది. ఆ రోజు పక్కన కూర్చుని చదువుకుంటున్న మా ఏడేళ్ళ లాస్య, "అమ్మా, ఎడం కంట్లో రేకు అడ్డం పడింది" అంది. "దొంగచాటుగా తింటే కంట్లోకే వెళ్తాయి మరి" అని నవ్వేశాను. అదీ నా తెలివి.

అప్పటికి కొన్ని నెలలుగా దాని మోకాలు వాస్తోంది. పొద్దున్నే కుంటుతూ లేచి, మధ్యాహ్నానికి పరుగులు పెట్టేది. బడి ఎగ్గొట్టే వేషాలనుకున్నాం. రాజమండ్రిలో కీళ్ళ డాక్టరుగారు జువెనైల్ ఆర్థ్రైటిస్, అంటే పిల్లలకొచ్చే కీళ్ళవాతం అని తేల్చి, "కళ్ళు కూడా ఒకసారి చూపించండమ్మా" అన్నారు. ఇంటికొచ్చి నేనే చూసేశాను. ఎరుపు లేదు, పుసి లేదు, నీరు కారడం లేదు. మాకు కంటి జబ్బంటే కళ్ళకలకే. మల్లెపువ్వులా ఉన్న కంటికి డాక్టరెందుకని ఊరుకున్నాను.

రేకు మాట అన్న నాలుగో రోజున మా అత్తయ్యగారు ఆటగా దాని కుడి కన్ను అరచేత్తో మూశారు. "నా వేళ్ళు ఎన్నున్నాయే?" అంటే, "చెయ్యేదీ నాయనమ్మా?" అంది. గుడ్డ కుండ మీదే వదిలేసి లేచాను.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మగారు స్లిట్ ల్యాంప్ అనే లైటున్న యంత్రంతో కంటి లోపల చాలాసేపు చూశారు. "పాప సరిగ్గానే చెప్పిందండి. కంటి లోపల వాపు. యువియైటిస్ అంటాం. కీళ్ళవాతమున్న పిల్లలకి ఇది రావచ్చు, నొప్పుండదు, ఎరుపుండదు. అదే చిక్కు."

"చూపు వస్తుందాండీ?"

"ముందు ఉన్నది నిలబెడదాం."

బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. "నేను చెప్తే నవ్వావుగా" అంటూనే లాస్య నా పమిటతో నా ముక్కు తుడిచింది.

గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు, ఆపైన మాత్రలు. బుగ్గలు బూరెల్లా పొంగితే, "పిల్ల ఒళ్ళు చేసిందండీ" అని చుట్టాలు మెచ్చుకున్నారు. వాపు తిరగబెట్టకుండా వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర. ఆ మాత్ర పసుపురంగు కావడంతో కొన్నాళ్ళకి పులిహోర చూసినా వాంతి చేసుకునేది. ఆ ఏడాది మా పండగలన్నీ దద్ధోజనంతోనే గడిచాయి.

చుక్కలు తగ్గించగానే వాపు తిరగబెట్టింది. ఎడం కంట్లో కాటరాక్ట్ మొదలైంది. "నాకే ఇంకా రాలేదు, దీనికి శుక్లమేంటండీ?" అని అత్తయ్యగారు డాక్టరమ్మగారిని నిలదీశారు. అడాలిముమాబ్ ఇంజెక్షన్లతో వాపు అణిగి, నెలల తరబడి నిలకడగా ఉన్నాకే ఆపరేషన్ చేశారు.

ఇప్పుడు లాస్య ఆరో తరగతి. కుడి కన్ను పూర్తిగా దక్కింది. ఎడం కంటితో చార్టులో సగం వరుసలు చదువుతుంది. ముందే వచ్చుంటే మిగతావీ చదివేదా అని ఒకసారి అడిగాను. "చదివేదండి" అన్నారు డాక్టరమ్మగారు. మొన్న చెకప్‌లో ఆవిడ కుడి కన్ను మూసి, "ఏం కనిపిస్తోంది?" అంటే, "మీ బొట్టు పక్కకి జరిగిందండి" అంది మా పిల్ల. గదంతా నవ్వులే. నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఒక కన్ను తగ్గినా పిల్లలు రెండోదానితో నెట్టుకొచ్చేస్తారు. అప్పుడప్పుడూ ఒక్కో కన్నూ మూసి ఆడించండి. కీళ్ళ వాపున్న పిల్లలైతే, కన్ను ఎంత తెల్లగా ఉన్నా డాక్టరు చెప్పిన రోజుకి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించండి. ఇంట్లో మీరే చూసి తేల్చెయ్యకండి. నేను తేల్చేశాను.