మారప్ప తాత లేని ఆదివారం కచేరి

నిన్న పొద్దున ధర్మపురి బస్టాండ్ దగ్గర గోడకు పోస్టర్ అంటిస్తున్నాను. పోస్టర్ మీద మారప్ప తాత, మెడలో తప్పెట.

జేబులో ఫోన్ మోగింది. తాత పక్కన నిలబడి ఇన్నేళ్లూ జత తప్పెట కొట్టిన పెరుమాళ్ మామ.

"ఒరే, తాత పోయినాడురా. నిద్రలోనే."

"ఎవరి తాత?" అని అడిగాను.

గోడ మీద ఆయన సగం అంటుకుని, సగం వేలాడుతున్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మారప్ప తాతది తమిళనాడులో కడత్తూరు పక్కన మా దళిత కాలనీ. పగలు కూలి పని. జాతర అయినా, పెళ్లి ఊరేగింపు అయినా, చావు అయినా ముందు నడిచేది ఆయన తప్పెటే. మీసం రాకముందు మొదలుపెట్టి, మీసం నెరిసిపోయాక కూడా కొట్టాడు.

ఎప్పుడూ నిలబడో, నడుస్తూనో. ఎండలో.

ఆయన వాయిస్తుంటే జనం కుర్చీల్లో కూర్చుని విన్నది ఒక్కరోజు కూడా లేదు.

అందుకే ఈ ఆదివారానికి ధర్మపురిలో కళ్యాణ మండపం తీసుకున్నాం. మా యువజన సంఘం కచేరి. స్టేజి, మైకు, లైట్లు. పైన పెద్ద అక్షరాల్లో ఆయన పేరు.

హాల్ చూడటానికి పోయిన రోజు, స్టేజి దగ్గర నిప్పు పెట్టకూడదన్నాడు మేనేజర్. తప్పెట తోలు సెగకు కాగితేనే బిగుస్తుంది, అప్పుడే పలుకుతుంది. నాకు తిక్క రేగింది. అన్ని రూల్సూ మాకేనా అని అరిచాను.

తాత నా భుజం నొక్కాడు. "ఉండ్రా, ఆయప్ప చెప్పేదీ న్యాయమే. కర్టన్ అంటుకుంటే నీ సంఘమొచ్చి ఆర్పుతాదా?"

మేనేజర్ తమిళాయన, తెలుగు రాదు. మేం నవ్వుతుంటే తనూ నవ్వాడు. తప్పెటలు బయట పార్కింగ్‌లో కాచుకోమన్నాడు.

తాతకూ నాకూ అసలు గొడవ వేరే.

చావుకు తప్పెట కొట్టకూడదని మా సంఘం తీర్మానం. ఊళ్లో ఎవరింట్లో ఎవరు పోయినా కబురు రాగానే మా కాలనీవాళ్లు పరిగెత్తాలి, వీధిలో నిలబడాలి, తాగించి ఆడిస్తారు. దాన్ని కళ అనను, బానిసత్వం అంటాను. కరపత్రాల్లో చదివాను, కళ్లతోనూ చూశాను. ఇవాళ కూడా అదే మాట.

కాబట్టి కచేరిలో చావు వరస, అంటే చావుకు కొట్టే దరువు, వద్దన్నాను.

తాత ఒప్పుకోలేదు.

"పెండ్లి వరస ఎవుడైనా కొడతాడు. నా చెయ్యి తిరిగింది సావుకేరా. ఏడ్చేవాళ్లు ఊపిరి తీసుకునేదానికి ఎడం ఇచ్చి కొట్టల్ల. దాన్ని దాచిపెట్టి ఇంగేం ఇనిపించేది?"

"అది మన అవమానం తాతా."

"ఎండలో నిలబెట్టినోడిదిరా అవమానం. వరస ఏం జేసింది? కుర్చీలో కూసోని ఇనమను వాళ్లని."

అది తేలలేదు. ఆదివారం లోపల మాట్లాడుకుందాం అనుకున్నాం.

నిన్న మధ్యాహ్నం ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. తప్పెటలు లోపల మేకులకు వేలాడుతున్నాయి. సంఘం కుర్రాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. తీర్మానం అంటే తీర్మానమే కదా. పెరుమాళ్ మామ నా మొహం చూస్తున్నాడు.

తాత భార్య లచ్చుమవ్వ లేచి వచ్చింది.

"ఏందిరా, ఊరందరినీ సాగనంపినోడు సద్దు లేకుండా పోవల్లనా? పిలిస్తే పోము అంటిరి, సరే. పిలవకపోయినా కొట్టరా?"

ఒక్క నిమిషం ఆలోచించాను. మేం కాదన్నది ఆ పిలుపును. నిన్న ఎవరూ పిలవలేదు. పోయింది మా మనిషి. తోలు కాచడానికి గడ్డి నేనే అంటించాను.

పెరుమాళ్ మామ చావు వరస ఎత్తుకున్నాడు. మొదటిసారి దాన్ని ఆసాంతం విన్నాను. మధ్యమధ్య నిజంగానే ఎడం ఉంది. ఆ ఎడంలో అవ్వ ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఏడ్చింది.

కచేరి ఆగదు ఫ్రెండ్స్. ఆపొద్దని అవ్వే చెప్పింది. తాత చోట పెరుమాళ్ మామ వాయిస్తాడు. చావు వరస ఉంటుంది, అదీ మొట్టమొదట.

దయచేసి రండి. కూర్చుని వినండి.

పోయిరా తాతా. చాలా కాలం నిలబడినావు, ఇంక నిమ్మళంగా పండుకో.