ఫ్రిజ్‌లో పెట్టిన జడ

మల్లెమొగ్గలు స్టీలు డబ్బాలో పోసి, ఫ్రిజ్‌లో పడేసి, వాటి సంగతే మర్చిపోయే సుఖం మా నరసరావుపేటలో మామూలు ఇళ్ళకు ఇంకా రాని రోజులవి. సాయంత్రం కొన్న పూలు పొద్దుటికి దక్కాలంటే నానా తంటాలూ పడాలి. మా అమ్మ మొగ్గల్ని తడిగుడ్డలో వదులుగా చుట్టి, పైన అరటాకు కప్పి, ఆ పొట్లాన్ని మంచినీళ్ళ కుండ కింద తడి ఇసకలో దూర్చేది. అయినా మా ఎండలు మామూలు ఎండలా? మే నెల గాలి తగిలితే మనుషులే మిట్టమధ్యాహ్నానికి వాడిపోయి, తడిపిన గోనెపట్టాల వెనక్కి చేరతారు (పూలనని ఏం లాభం!). ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ తెరిచి పూల డబ్బా తీసినప్పుడల్లా, ఒక్క పూట పూలు నిలబెట్టటానికి మావాళ్ళు పడిన అవస్థ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజు ఆ పూలు కుండ కింద లేవు, గిన్నెలో లేవు. నా నెత్తిమీద ఉన్నాయి.

నాకప్పుడు పదకొండేళ్ళు. ఐదో తరగతి అయిపోయింది, జూన్‌లో హైస్కూల్లో చేరాలి. నా జుట్టు నడుం దాటి ఉండేది. దాన్ని చూసుకుని నాకెంత పొగరంటే, బజారుకు వెళ్ళే ముందు జడ ముందుకు వేసుకోవాలా వెనక్కి వదలాలా అని గడపలో నిలబడి ఆలోచించేదాన్ని. అయితే నేను పసిగుడ్డుగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, అమ్మ నా తలనీలాలు తిరుపతి వెంకన్నకు మొక్కుకుందట. ఏటికేడు ఏదో ఒక అడ్డం వచ్చి ఆ మొక్కు వాయిదా పడుతూ వచ్చి, సరిగ్గా ఆ వేసవిలో నాన్నకు భక్తి ముదిరి బస్సు టిక్కెట్లు పట్టుకొచ్చాడు. అంటే కొత్త బడికి, మొహం తెలియని పిల్లల మధ్యకు, నేను బోడిగుండుతో వెళ్ళాలి! అన్నం మానేసి అలిగాను (మధ్యలో తిన్న మామిడిపండ్లు అన్నం కిందికి రావు కదా). చివరికి అమ్మే దిగొచ్చింది.

"గుండు తప్పదే. దేవుడితో పెట్టుకోబాక. పోయేముందు పూలజడ కుట్టించి ఫొటో తీయిస్తా, సరేనా? బళ్ళో ఎవురన్నా ఎగతాళి చేస్తే ఆ ఫొటో చూపించు, నోరు మూసుకుంటారు" అంది. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. పూలజడ ఫొటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పిల్ల కెమెరా వైపు చూస్తూ కూర్చుంటుంది, వెనక నిలువుటద్దం పెడతారు, జడంతా అందులో కనపడుతుంది. మొహమూ జడా రెండూ ఒక్క ఫొటోలోనే. ఇది నేనే, ఈ జుట్టు నాదే అనటానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ప్రయాణం రోజు పొద్దున్నే పరుపుల మామ్మ వచ్చింది. వాళ్ళ సాయిబుగారు దూది ఏకి పరుపులు కుట్టేవాడు, మామ్మ మా వీధి ఆడపిల్లలందరికీ పూలజడలు కుట్టేది. సూది అంటే ఇద్దరికీ అంత చనువు. అరటి దొప్పను జడంత పొడవున కోసి, దానిమీద మొగ్గలు వరసగా కుట్టి, మధ్యమధ్య కనకాంబరాలు పెట్టి, ఆ మొత్తాన్నీ నా జడకేసి బిగించింది. తల వెనక చిన్న పళ్ళెమంత పూలచక్రం కూడా పెట్టింది. "కదలబాకే, సూది మెడలో దిగిద్ది" అని మధ్యమధ్య ఒక మొట్టికాయ. పట్టు పరికిణీ కట్టుకుని, మెడ నిలబెట్టుకుని, అమ్మా నేనూ బాబాయీ మామ్మా ఊరేగింపుగా స్టూడియోకు వెళితే, తలుపుకు తాళం. స్టూడియో ఆయన వినుకొండలో పెళ్ళి ఫొటోలకు వెళ్ళాడనీ, సాయంత్రం ఐదింటి దాకా రాడనీ పక్క కొట్టతను చెప్పాడు. మా బస్సేమో రాత్రికి.

"సాయంత్రం దాకా ఈ పూలు ఉంటయ్యా?" అంది అమ్మ నీరసంగా. నేను నడిబజార్లో రాగం అందుకున్నాను. అప్పుడు బాబాయి కలగజేసుకున్నాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు, బోటనీలో బీయస్సీ ప్యాసై, ఉద్యోగం వచ్చేలోపు తన చదువును మా ఇంట్లోనే ఖర్చుపెడుతున్నవాడు. "వదినా, నువ్వు గాబరా పడబాక. పూలు వాడటమంటే ఏంది? నీరు పోవటం. నీరు పోకుండా చూస్తే చాలు. దానికో పద్ధతుంది" అన్నాడు. ఆ మాట విని నేను ఏడుపు ఆపాను. ఆపకుండా ఉండాల్సింది.

మా వీధి మొత్తానికి ఒకే ఒక్క ఫ్రిజ్, పత్తి జిన్నింగు మిల్లు పెద్దమ్మగారింట్లో ఉండేది. బాబాయి ఆవిడతో ఏం చెప్పాడో గానీ, నన్ను తీసుకెళ్ళి ఫ్రిజ్‌కు వీపు పెట్టి పీటమీద కూర్చోబెట్టాడు. జడ ఎత్తి లోపల అరలో, పెరుగు గిన్నె పక్కన పడుకోబెట్టాడు. తలుపు నా మెడదాకా వేసి, మిగిలిన సందులో దుప్పటి కుక్కాడు. "చల్లదనమంతా బయటికి పోతందయ్యా!" అని పెద్దమ్మ మొత్తుకుంటూనే ఉంది. వెన్ను చల్లగా, మొహం వేడిగా, ఆ కూర్చోవటం ఏం కూర్చోవటమో! మిల్లు పెదనాన్న భోజనానికి వచ్చి ఫ్రిజ్ దగ్గరకు వచ్చాడు. నన్ను చూశాడు. దుప్పటి తొలగించి, నా జడ పక్కనున్న నీళ్ళ సీసా తీసుకుని, దుప్పటి మళ్ళీ సర్ది వెళ్ళిపోయాడు. పెద్దమనిషి అంటే ఆయనే.

మూడు దాటాక మామ్మ వచ్చి పరీక్ష చేసింది. "యా అల్లా! జడ నవనవలాడతంది గానీ, నెత్తిమీదియ్యి తోటకూరైపోతన్నయ్" అంది. నిజమే మరి, ఫ్రిజ్‌లో జడ పట్టింది గానీ తల పట్టలేదు. (బాబాయి అరలు తీసేసి ఆ ప్రయత్నం కూడా చేద్దామన్నాడు, పెద్దమ్మ చీపురు తీసింది.) అప్పుడు బాబాయి రెండో పద్ధతి బయటపెట్టాడు. గాజుసీసాలో పూలగుత్తులు పెట్టేవాళ్ళు ఆ నీళ్ళలో కాస్త పంచదార, ఒక తలనొప్పి బిళ్ళ వేస్తారనీ, అట్టా చేస్తే పూలు రోజుల తరబడి తాజాగా ఉంటాయనీ ఏదో పత్రికలో చదివాడట. "పంచదార దాని తిండి, బిళ్ళ దాని మందు" అన్నాడు.

"పంచదార మంచిదేగా. షర్బత్ తాగితే నాకే లేచి కూర్చోబుద్ధయిద్ది" అని మామ్మ బలపరిచింది. "తలనొప్పి బిళ్ళంటే ఎట్టాగూ తలకేగా" అని అమ్మ కూడా సరేనంది. గాజుసీసాలో పూలకు కాడలు ఉంటాయనీ, అవి నీళ్ళలో మునిగి ఉంటాయనీ, ఇక్కడ నీళ్ళు పోస్తున్నది ఆడపిల్ల నెత్తిమీదనీ ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టినా చెప్పేదాన్ని కాదు. ఫొటో దాకా పూలు బతికితే చాలు, నెత్తిన కుంపటి పెట్టినా ఒప్పుకునేదాన్ని. బాబాయి గ్లాసులో కలిపి, చేత్తో చిలకరించి, చాలదనుకుని చివరికి ఒంపేశాడు. నిజం చెప్పొద్దూ, పూలు తేరుకున్నాయి. పంచదార వల్లనో, ఉత్తి నీళ్ళ వల్లనో దేవుడికెరుక. తేరుకున్నది మాత్రం నిజం. నన్ను మా ఇంటి పెరటి వసారాలో, గోడవారగా నీడన కూర్చోబెట్టి, "ఇంక కదిలావంటే రాలిపోతయ్" అని హెచ్చరించి, అందరూ టీ నీళ్ళకు లోపలికి పోయారు.

ముందు మెడమీద ఏదో పాకినట్టయింది. తర్వాత చెవి వెనక. గోడ బీటలో కాపురముండే ఎర్రచీమలకు వార్త అందింది. నేను కదలలేదు. కదిలితే రాలిపోతాయి కదా! పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, కుట్టించుకుంటూ కూర్చున్నాను. కనురెప్పమీద కుట్టినప్పుడు మాత్రం ఇక తట్టుకోలేక కెవ్వున అరిచాను. అమ్మ పరుగెత్తుకొచ్చి, "ఓరి దేవుడో! తియ్యండి, జడ తీసెయ్యండి, పిల్లని తినేస్తన్నయ్!" అని జడ మీద చెయ్యి వేసింది.

"తియ్యబాకమ్మా! ఫొటో! ఫొటో!" అని ఆ చెయ్యి కొరికినంత పని చేశాను.

మామ్మ సూదిమొనతో పూలసందుల్లోంచి ఒక్కో చీమనూ ఏరింది. అమ్మ ఏడుస్తూ తడిగుడ్డతో నా మెడా మొహమూ తుడిచింది. బాబాయి ఖాళీ గ్లాసు పట్టుకుని, "చీమల సంగతి పత్రికలో రాయలేదు వదినా" అంటూ చుట్టూ తిరిగాడు. ఐదింటికి స్టూడియోకు చేరేసరికి పూలజడ అప్పుడే కుట్టినట్టుంది. నా మొహం మాత్రం పూరీలాగా పొంగి, ఒక కన్ను మూసుకుపోయి, కింది పెదవి ముందుకొచ్చి ఉంది. స్టూడియో ఆయన నన్ను చూసి, జడను చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "అమ్మాయ్, నువ్వు అటు తిరిగి కూర్చో తల్లీ. జడ తీస్తా" అన్నాడు. అద్దంలో కూడా నా మొహం పడకుండా దాన్ని పక్కకు వంచేశాడు. వద్దని ఎంత ఏడ్చినా, ఏడిస్తే మొహం ఇంకా పొంగటమే తప్ప లాభం లేకపోయింది. రాత్రి బస్సెక్కాం. మర్నాడు కొండమీద నా జుట్టు నిమిషాల్లో స్వామి ఖాతాలో జమైంది.

జూన్‌లో గుండుకు రుమాలు కట్టుకుని హైస్కూలుకు పోయి, ఆ ఫొటో చూపించాను. "ఎవురిదే ఈ ఈపు? మీ అక్కదా?" అన్నారు పిల్లలు. నేనేనంటే ఒక్కరు నమ్మితే ఒట్టు! ఇంటికొచ్చి ఫొటో అమ్మ ఒళ్ళో విసిరేసి, "దీంట్లో అందరూ ఉన్నారు, నేనే లేను!" అని ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాను. ఎందుకంటే, స్టూడియో ఆయన అద్దం వంచినప్పుడు, పక్కన నిలబడ్డ మావాళ్ళు ముగ్గురూ అందులో పడ్డారు. వాళ్ళు ఉన్నట్టు ఆయనా చూసుకోలేదు, వాళ్ళూ చూసుకోలేదు.

జుట్టు తర్వాత మళ్ళీ పెరిగింది, ఒత్తుగానే పెరిగింది. అమ్మ పూలజడ కుట్టిస్తానంటే, పెద్దదాన్నయ్యాను, సిగ్గని నేనే వద్దన్నాను. ఆ ఫొటో మాత్రం నాతోనే ఉంది. ముందు నా జడ, ఒక్క మొగ్గ కూడా వాడకుండా. దాని పక్కన అద్దంలో అమ్మ, తడిగుడ్డ నోటికడ్డం పెట్టుకుని. మామ్మ, ఒక పువ్వు రాలినా అందుకోవటానికన్నట్టు ముందుకు వంగి, సూది పెదాల మధ్య పెట్టుకుని. బాబాయి, ఎందుకు తెచ్చాడో ఆ గ్లాసు స్టూడియో దాకా పట్టుకొచ్చి. ముగ్గురూ కెమెరా వైపు చూడటంలేదు, నా వైపే చూస్తున్నారు. ఆ గ్లాసు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఎవరన్నా చిన్నప్పటి ఫొటో ఉంటే చూపించమంటే, బీరువాలోంచి ముందుగా నా చేతికొచ్చేది అదే. "నువ్వెక్కడ?" అని వాళ్ళు వెతుకుతుంటే, "వాళ్ళు ముగ్గురూ చూస్తున్నారే, ఆ పిల్ల నేనే" అని చెబుతాను.