తాళి దగ్గర ఆగిన పెళ్లి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు పాత కంప్యూటర్లో ర్యామ్ వేసి చూడలేదు. నేను చూశాను. అనకాపల్లిలో అత్తవారింట నా పరువు ఎలా పొగైపోయిందో చెబుతాను, నవ్వకుండా వినండి.

పెళ్లయిన కొత్త. మావయ్యగారిది బెల్లం వ్యాపారం. ఇంట్లో ఒక ముసలి కంప్యూటర్ ఉండేది. అందులో మా పెళ్లి వీడియో వేస్తే జీలకర్ర బెల్లం దాకా చక్కగా నడిచి, నేను తాళి ఎత్తేసరికి ఆగిపోయేది. తెర మీద నేను తాళి పట్టుకున్న చేతులు ఎత్తి అలాగే ఉండిపోయేవాణ్ణి.

"పెళ్లి సగంలో ఆగిపోడవేటి బాబూ, అపశకునం" అని అత్తగారి దిగులు. పైగా పెళ్లికి రాలేకపోయిన మావయ్యగారి అక్కగారు ఆ సాయంత్రమే వీడియో చూడ్డానికి బుచ్చయ్యపేట నుంచి వస్తున్నారు.

"మెమరీ చాలట్లేదత్తయ్యా. ఇంకో ర్యామ్ వేస్తే పరిగెడుతుంది" అన్నాను. ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసిన అల్లుణ్ణి, అనకుండా ఎలా ఉంటాను?

కంప్యూటర్ షాపుకెళ్తే అక్కడతను అడిగాడు. "పాత ర్యామ్ ముక్క తెచ్చేరా సార్? దానికి జత కుదరాల."

"జత కుదరడానికి ఇదేమన్నా పెళ్లా? ఉన్నవాటిలో కొత్తది ఇవ్వండి."

ఇంటికొచ్చి పెడితే దూరలేదు. స్లాట్లో బొడిపె ఒకచోట, ముక్కకి గాడి ఇంకోచోట.

"ఏటండీ, పట్టట్లేదా?" అంది మా ఆవిడ.

"కొత్తది కదా, బిగుసుకుంది."

"అది దీనికి కాదేమో అల్లుడుగారూ" అన్నారు మావయ్యగారు. "ఓపాలి షాపుకెళ్లి అడిగి వత్తే?"

"ఎందుకు మావయ్యా, చెరుకు కత్తి నూరే ఆకురాయి ఉందా?"

ఆయన తెచ్చిచ్చారు. కొత్తల్లుడు అడిగితే కాదనకూడదని ఆచారం. ఆ ఆచారమే కొంప ముంచింది.

ముక్కకి నాకు తోచిన చోట కొత్త గాడి అరగదీసి, రెండు బొటనవేళ్లతో నొక్కాను. టక్కుమంది. "చూశారా" అన్నాను. స్విచ్ వేశాను. చిటపటలాడి, పాకం మాడిన వాసన వేసి, కంప్యూటర్ కన్ను మూసింది.

సరిగ్గా అప్పుడే అక్కగారు దిగారు. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, నల్లటి తెర వంక చూశారు.

"ఏదిరా పెళ్లి?"

నాకు సిగ్గుతో ఆ స్లాట్లోనే దూరిపోవాలనిపించింది, జత కుదరకపోయినా సరే. మావయ్యగారు ఆకురాయి తుడుస్తూ అక్కగారితో నిదానంగా అన్నారు.

"నిన్నటిదాకా తాళి దగ్గర ఆగేదప్పా. అల్లుడుగారు బాగు సేసేక అసలు పెళ్లే నేదు."

అందుకే ఆ ఆకురాయి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. పాత ముక్క చేత్తో పట్టుకోకుండా కంప్యూటర్ షాపు మెట్లెక్కను. ఇక అత్తవారింట్లో నేను ఏ స్విచ్చూ ముట్టను. ఎంత ఉక్కపోసినా సరే, ఫ్యాను మా ఆవిడే వెయ్యాలి.